మన ఎండకు మన నెగెటివ్

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్లలో ఏ ఫొటో స్టూడియోలోకి వెళ్లినా దాదాపు ఒకటే సామాను కనిపిస్తుంది. ఫొటోషాప్ ఉన్న కంప్యూటరు, పాస్‌పోర్టు ఫొటోలకు వాడే ఇంకు ట్యాంకు ప్రింటరు, మూలన ఒక స్కానరు. పెళ్లి ఆల్బమ్ ఫైళ్లు మాత్రం ల్యాబుకు వెళ్లిపోతాయి. తీసిన బొమ్మను కాగితం మీదికి తెచ్చే పని స్టూడియో వాళ్ల చేతిలోంచి జారిపోయి చాలా కాలమైంది. ఆ పనిని మళ్లీ చేతిలోకి తెచ్చుకోవచ్చు. అందుకు కావాల్సిన వాటిలో చాలావరకు ఇప్పటికే మీ బల్ల మీద ఉన్నాయి. మిగిలింది మిద్దె మీద ఉంది, ఎండ.

విషయం ఇది. ఫొటోను కంప్యూటర్లో నెగెటివ్‌గా మార్చి, పారదర్శకమైన షీటు మీద ఇంక్‌జెట్ ప్రింటరుతో అచ్చు వేసుకుంటాం. వెలుతురు తగిలితే మారే మందు పూసిన కాగితం మీద ఆ షీటు ఉంచి, పైన అద్దం బిగించి ఎండలో పెడతాం. తర్వాత నీళ్లలో కడిగితే బొమ్మ నిలుస్తుంది. హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ కాలంలో ఫొటోలు ఎక్కువగా ఇలా ఎండలో అచ్చయినవే. అప్పుడు గాజు పలక నెగెటివ్, ఇప్పుడు ప్రింటరు షీటు. నెగెటివ్ ఎంత ఉంటే ఫొటో అంతే వస్తుంది. పెద్దది కావాలంటే పెద్ద నెగెటివే కావాలి. ఈ అడ్డంకి వల్ల కూడా చాలామంది పాత పద్ధతులు వదిలేశారు. 1995లో డాన్ బర్క్‌హోల్డర్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు కంప్యూటరుతో పెద్ద నెగెటివ్‌లు చేసుకునే దారిని పుస్తకంగా రాశాక చాలామంది మళ్లీ వాటివైపు వచ్చారు. అప్పట్లో అందుకు అచ్చాఫీసుల్లో ఫిలిం తీసే ఖరీదైన యంత్రం కావాలి. ఇప్పుడు ఆ పని మీ ఏ4 ప్రింటరు చేస్తుంది.

మొదలుపెట్టడానికి సయనోటైప్ మంచిది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన నీలి రంగు పద్ధతి ఇది, ఇంజినీర్ల బ్లూప్రింట్లకు తల్లి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్, ఈ రెండు లవణాలు చాలు. మొదటిదాన్ని రక్తహీనతకు ఇచ్చే ఐరన్ టానిక్కుల్లో కూడా వాడతారు. రెండోదాని పేరు చూసి భయపడనక్కర్లేదు, కానీ దాన్ని గాఢమైన యాసిడ్ల దగ్గరికి, పొయ్యి దగ్గరికి పోనివ్వకండి, విషవాయువు వస్తుంది. వంటింటి గిన్నెలు, స్పూన్లు వాడకండి. చేతులకు గ్లౌజులు, పిల్లలకు అందని అర. ఈ జాగ్రత్తలు పాటిస్తే ఇంట్లో చేసుకోగల పనే.

ఇక అసలు మాట. ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరో ఒకరు తయారుచేసిన కర్వు ఫైలు దొరుకుతుంది. దాన్ని ఫొటోకి తగిలిస్తే నెగెటివ్ సిద్ధమవుతుందని చెబుతారు. అలా తగిలించి, ప్రింటు బురదగా వచ్చాక, ఈ పని మనవల్ల కాదు, బెంగళూరు వాళ్లకే చెల్లుతుంది అని పక్కన పడేసేవాళ్లు ఎక్కువ. వాళ్ల చేతిలో లోపం లేదు. ఆ కర్వు వేరే ప్రింటరుకు, వేరే ఇంకుకు, వేరే కాగితానికి, వేరే ఊరి నీళ్లకు కొలిచి చేసింది. అరువు తెచ్చుకున్న కర్వు అక్కరకు రాదు. మీ కర్వు మీరు కొలుచుకోవాల్సిందే, రెండు మూడు ఆదివారాలు కూర్చుంటే అయిపోతుంది.

కర్వు అంటే ఏమిటో ధర్మవరంలో చీరల డిజైన్ గీసేవాళ్లను అడిగితే తేలిగ్గా అర్థమవుతుంది. జాకార్డుకు బుటా గీసేటప్పుడు గ్రాఫ్ గడులు పడుగు, పేకల లెక్కకు తగ్గట్టు ఉండాలి. అంగుళానికి పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని అన్నది చూడకుండా చదరపు గడుల్లో గుండ్రని పువ్వు గీస్తే మగ్గం మీద అది కోడిగుడ్డులా సాగుతుంది. అందుకే తెలిసినవాడు కాగితం మీదే దాన్ని లెక్కప్రకారం సాగదీసో, నొక్కేసో గీస్తాడు. కాగితం మీద వంకరగా ఉన్న పువ్వు చీర మీద గుండ్రంగా వస్తుంది. మన నెగెటివ్‌లోని నలుపు తెలుపు ఛాయలను కూడా అలాగే ముందుగా, లెక్కప్రకారం వంచుతాం, ఆ వంపే కర్వు. ఎంత వంచాలో మగ్గమే చెప్పాలి. ఇక్కడ మగ్గం అంటే మీ ఇంకు, మీ కాగితం, మీ ఎండ, మీ నీళ్లు.

ముందు షీటు సంగతి. ఇంక్‌జెట్ ఓహెచ్‌పి షీటు అని గట్టిగా అడిగి తీసుకోండి. స్టేషనరీ షాపుల్లో మామూలుగా దొరికేది లేజరు ప్రింటరుకు వాడే నున్నటి షీటు. దాని మీద ఇంకు నిలవదు, చుక్కలుగా గుమిగూడి వేలు తగిలితే చెరిగిపోతుంది. ఇంక్‌జెట్ షీటుకు ఒకవైపు పూత ఉంటుంది. మూలన తడి వేలు ఆనిస్తే పూత ఉన్న వైపు కాస్త జిగటగా పట్టుకుంటుంది, అచ్చు వెయ్యాల్సింది ఆ వైపే. షీటు దొరక్కపోతే ఆగిపోవద్దు. మామూలు తెల్ల కాగితం మీదే నెగెటివ్ అచ్చు వేసి, వెనకవైపు కొవ్వొత్తి మైనం రుద్ది, పైన పాత కాగితం పరిచి ఇస్త్రీపెట్టెతో కరిగిస్తే మైనం ఇంకిపోయి కాగితం వెలుతురును పోనిస్తుంది. 1850లలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫరు లినేయస్ ట్రైప్ దక్షిణాది గుళ్లను తీసింది ఎక్కువగా మైనం పట్టించిన కాగితం నెగెటివ్‌ల మీదే. కాగితం పీచు కొంచెం కనిపిస్తుంది, కొన్ని బొమ్మలకు అదే అందం.

రసాయనం కలపడంలో మర్మం లేదు. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో సిట్రేట్ 25 గ్రాములు ఒక సీసా, మరో 100 మిల్లీలీటర్లలో ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు ఇంకో సీసా. రెండూ ముదురు రంగు సీసాలు కావాలి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది, లవణాలు కాలేజీ ల్యాబులకు సరఫరా చేసే షాపుల్లో దొరుకుతాయి. వాడే ముందు రెండూ సమానంగా కలిపి, కిటికీకి దూరంగా మామూలు బల్బు వెలుతురులో బ్రష్షుతో పూయండి. ఏ4 కాగితానికి 3 మిల్లీలీటర్లకు అటూఇటూ పడుతుంది. చీకటి బీరువాలో ఆరనివ్వండి. అద్దం, అట్ట, క్లిప్పులు ఉన్న చట్రం పటాలు కట్టే షాపులో చేయించుకోండి.

ఇప్పుడు కొలతలు. మూడు కొలతలు, ఈ వరుసలోనే. వరుస తప్పితే రెండోది మొదటిదాన్ని చెడగొడుతుంది.

మొదటిది సమయం. మందు పూసిన కాగితం మీద ఏమీ అచ్చు వెయ్యని ఖాళీ షీటు పరిచి ఎండలో పెట్టండి. నల్లటి అట్టతో మొత్తం కప్పి, రెండేసి నిమిషాలకు ఒక పట్టీ చొప్పున జరుపుతూ పోండి. కడిగి ఆరబెట్టాక చూస్తే పట్టీలు మెట్లుమెట్లుగా ముదురుతూ ఒకచోట ఆగిపోతాయి, ఆ తర్వాతి పట్టీలన్నీ ఒకే నీలం. ముదరడం ఎక్కడ ఆగిందో అదే మీ సమయం. మన నడినెత్తి ఎండలో తరచు ఐదు నుంచి పదిహేను నిమిషాల మధ్య తేలుతుంది. ఎక్కువసేపు పెడితే మంచిదే కదా అనుకోకండి. ఆ అదనపు నిమిషాల్లో ఇంకు ఉన్న చోట్ల నుంచి కూడా వెలుతురు దూరుతుంది, తెలుపు మురికిబారుతుంది.

ఎండ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఈ ఊళ్లు ఉత్తర అక్షాంశం 14 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నాయి. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా దక్షిణానికి వాలి, 52 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగుతాడు. అందుకని చట్రాన్ని నేలమీద పరిచేసి ఊరుకోకండి. అట్ట అంచున ఒక పెన్సిలును నిటారుగా నిలబెట్టి, దాని నీడ పూర్తిగా మాయమయ్యేదాకా చట్రాన్ని వంచండి. అప్పుడు కాగితం సూర్యుడికి సూటిగా ఉన్నట్టు. మబ్బులు వచ్చిపోయే రోజుల్లో కొలతలు పెట్టుకోకండి. పదిన్నరకూ రెండింటికీ మధ్య, మబ్బు లేని పూట మాత్రమే. వానాకాలమంతా పని ఆగకూడదనుకుంటే యూవీ ట్యూబుల పెట్టె చేయించుకోవచ్చు, దాని వెలుగులోకి సూటిగా చూడకండి.

రెండోది ఇంకు రంగు. కొత్తవాళ్లను ఎక్కువ తికమకపెట్టేది ఇదే. నెగెటివ్‌ను కిటికీకి ఎత్తిపట్టి, నల్లగా ఉంది కాబట్టి వెలుతురును ఆపుతుంది అనుకుంటాం. కాగితం మీద పనిచేసేది ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలు, అవి మన కంటికి కనబడవు. కొన్ని నల్ల ఇంకులు కంటికి చిక్కగా ఉండి ఆ కిరణాలను ధారాళంగా పోనిస్తాయి. కంటికి పలచగా కనిపించే పసుపు, నారింజ మేళవింపులు ఒక్కోసారి గోడలా ఆపుతాయి. ట్యాంకు ప్రింటర్లలో చాలావాటికి డై ఇంకు, కొన్నిట్లో నలుపు మాత్రం పిగ్మెంటు. ఏది ఎంత ఆపుతుందో మాటలతో తేలదు. ఒకే షీటు మీద నలుపు, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, వాటి మధ్య ఛాయలు, అన్నీ నిండు గాఢతలో గడులుగా అచ్చు వేసి, ఇందాక తేలిన సమయానికి ఎండలో పెట్టండి. కడిగి ఆరాక ఏ గడి కింద కాగితం తెల్లగా మిగిలిందో అదే మీ నెగెటివ్ రంగు. రెండు మూడు గడులు తెల్లగా ఉంటే, వాటిలో తక్కువ ఇంకు తాగేది ఎంచుకోండి, షీటు త్వరగా ఆరుతుంది. ఏ గడీ తెల్లబడకపోతే ప్రింటు సెట్టింగును మంచి నాణ్యత, గ్లాసీ ఫొటో పేపరుకు మార్చి మళ్లీ వెయ్యండి, ఇంకు ఎక్కువ పడుతుంది.

మూడోది కర్వు. తెలుపు నుంచి నలుపు వరకు పదేసి శాతం తేడాతో పదకొండు గడులు గీసి, దాన్ని నెగెటివ్‌గా మార్చి, ఎంచుకున్న రంగులో అచ్చు వేసి, అదే సమయానికి ఎండలో పెట్టండి. కడిగాక ఒక రోజు ఆగండి, సయనోటైప్ ఆరేకొద్దీ ముదురుతుంది. మర్నాడు స్కానరులో ఆటోమేటిక్ సవరణలన్నీ ఆపేసి, బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేసి, ఫొటోషాప్‌లోనో, ఉచితంగా దొరికే జింప్‌లోనో ఒక్కో గడి విలువ రాసుకోండి.

ఒక లెక్క వేసి చూద్దాం. తెల్ల గడి విలువ 240, ముదురు గడి విలువ 40 వచ్చిందనుకోండి. మధ్య దూరం 200. సగం బూడిద రంగుగా ఉండాల్సిన 50 శాతం గడి 100 చూపించింది. 240లోంచి 100 తీస్తే 140, అంటే 200లో 70 శాతం. సగం ముదురు కావాల్సింది 70 శాతం ముదిరిపోయింది. లేపాక్షి నంది ఫొటో వేస్తే మెడలోని గంటల వరుస అంతా ఒకే ముద్దగా వచ్చేది ఇందుకే. అయితే ఏ గడి సరిగ్గా 50 శాతం ముదిరిందో వెతకండి. 30కి, 40కి నడుమ, 35 దగ్గర తేలిందనుకుందాం. అంటే ఫొటోలో 50 ఉన్నచోట మనం 35 పెట్టి పంపాలి. కర్వ్స్ పెట్టెలో 128 దగ్గరున్న చుక్కను 166కు ఎత్తడమే ఆ పని. మిగతా గడులకూ అలాగే ఒక్కో చుక్క పెట్టి, కర్వును పేరు పెట్టి దాచుకోండి. తర్వాత అదే గడుల పట్టీని ఆ కర్వుతో మరోసారి అచ్చు వేసి చూస్తే మెట్లన్నీ సమానంగా దిగుతాయి. పూర్తిగా దిగకపోతే మిగిలిన తేడాకు మళ్లీ ఇంకొంచెం దిద్దండి.

ఫొటోకి వర్తింపజేసే వరుస కూడా ముఖ్యమే. బ్లాక్ అండ్ వైట్‌కు మార్చడం, అచ్చు సైజుకు తేవడం, కర్వు, తర్వాత నెగెటివ్, ఎడమ కుడి తిప్పడం, చివరకు రంగు. ఇంకు ఉన్న వైపు మందు కాగితానికి ఆనాలి, లేకపోతే షీటు మందం వల్ల అంచులు మసకబారతాయి. అలా ఆనినప్పుడు బొమ్మ తిరగబడుతుంది కాబట్టే ముందే తిప్పుతాం. ముఖం ఫొటోలో ఈ తేడా ఎవరూ పట్టుకోరు. శాసనం ఫొటో తీసి ఇది మరిచిపోతే అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు వస్తాయి.

నీళ్ల దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. మన బోరు నీళ్లు ఎలాంటివో బకెట్ల అంచున కట్టే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. క్షార గుణం ఉన్న నీళ్లలో ఈ నీలం వెలిసిపోతుంది, ఎక్కువసేపు నానబెడితే పసుపు తిరుగుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు లీటర్ల నీళ్లకు ఒక టీస్పూను వేసి మొదటి కడుగుడు అందులో కానివ్వండి. తర్వాత మామూలు నీళ్లలో పసుపు ఛాయ పోయేదాకా, చివరిసారి ఆర్ఓ ప్లాంటు నీళ్లలో ఒకసారి. పుల్లటి నీళ్లలో కడిగితే లేత ఛాయలు కూడా బాగా నిలుస్తాయి, కాబట్టి కొలతల దగ్గర నుంచే అదే నీళ్లు వాడాలి. కొలత ఒక నీటిలో, ఫొటో ఇంకో నీటిలో అయితే ఇందాక పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు కొన్ని చుక్కలు చివరి నీళ్లలో వేస్తే, మర్నాడు రావాల్సిన ముదురు నీలం అప్పటికప్పుడు కళ్లముందే పొంగుతుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం అది.

మన పొడి వాతావరణం కాగితానికి మేలు, ప్రింటరుకు కీడు. వారం రోజులు వాడకపోతే నాజిల్స్ ఎండిపోయి నెగెటివ్ మీద సన్నటి గీతలు పడతాయి. మామూలు ప్రింటులో కంటికి ఆనని ఆ గీత ఎండ ప్రింటులో ఆకాశం మధ్య చారలా కనిపిస్తుంది. ప్రతి నెగెటివ్‌కూ ముందు నాజిల్ చెక్ వేయండి. అచ్చయిన షీటును అరగంటైనా ఆరనివ్వండి, తడి ఉంటే మందు కాగితానికి అంటుకుని రెండూ పాడవుతాయి.

ఎక్కడైనా చిక్కుపడితే దగ్గర్లో పెళ్లిపత్రికలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపుకు వెళ్లండి. ఫిలిం మీద అచ్చు వేసి, మందు పూసిన స్క్రీను మీద ఆనించి వెలుతురు చూపించడం వాళ్ల రోజువారీ పని. వాళ్లది పాజిటివ్, మనది నెగెటివ్, అంతే తేడా. ఫిలిం ఆనకపోతే అక్షరం ఎలా ఊడిపోతుందో, వెలుతురు ఎక్కువైతే సన్న గీత ఎలా మూసుకుపోతుందో వాళ్ల చేతికి తెలుసు. ఇలాంటి పనివాళ్ల దగ్గర గంటసేపు నిలబడి చూస్తే వీడియోల్లో దొరకనిది దొరుకుతుంది. అడగడానికి మొహమాటపడకండి. వెళ్లేటప్పుడు మీ మొదటి నీలి ప్రింటు ఒకటి పట్టుకెళ్లండి, మాట దానంతటదే కలుస్తుంది.

ఏ బొమ్మతో మొదలుపెట్టాలి? లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాలు వద్దు. వాటి ప్రాణం రంగులో ఉంది, నీలంలో అది పోతుంది. ఊరి మొదట్లో ఆరుబయట కూర్చున్న నంది మంచిది. 27 అడుగుల పొడవున్న ఒకే రాయి, వెనక ఆకాశం, మెడలో దండలు, గంటలు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలు ఇంకా మంచివి. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారి ఊరు అది. తోలుబొమ్మను వెనకనుంచి వెలుతురు పడేలా తీస్తే రంగు పోయినా రూపం నిలుస్తుంది, నగల చోట పొడిచిన సన్న రంధ్రాలన్నీ చుక్కలుగా అచ్చవుతాయి. కళాకారుల అనుమతి అడిగి తీయండి, వచ్చిన ప్రింటు ఒకటి వాళ్లకు ఇవ్వండి. పెనుకొండ కొండను మాత్రం కర్వు కుదిరాకే ముట్టుకోండి. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఆ కోట గోడలు, బండరాళ్లు అన్నీ బూడిద రంగు ఛాయలే, గోడ ఎక్కడ ఆగి బండ ఎక్కడ మొదలైందో చెప్పేది నడిమి ఛాయ ఒక్కటే. తెల్లవారి మెత్తటి వెలుతురులో తీసిన ఫొటో ఉంటే మీ కర్వు సత్తా అక్కడ తెలుస్తుంది.

ఒకేసారి రెండు మార్చకండి. ప్రింటు బాగా రానప్పుడు మనసు ఆగదు, కాగితమూ మార్చేస్తాం, సమయమూ పెంచేస్తాం, ఇంకో కర్వు తెచ్చి పెడతాం. తర్వాత బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు, కాబట్టి రేపు రాదు. ఒక నోటుపుస్తకం పెట్టి, ప్రతి ప్రింటుకూ తేదీ, గంట, మబ్బు, నిమిషాలు, కాగితం పేరు, కర్వు పేరు, నీళ్లు రాయండి. అదే ప్రింటు వెనక పెన్సిలుతో కూడా రాయండి. చెడిపోయిన ప్రింట్లు పారేయకండి, వాటి వెనక రాసిన వివరాలే తర్వాతి ప్రింటుకు ఆధారం. కొత్త ఇంకు సీసా, కొత్త రకం కాగితం వచ్చినప్పుడల్లా పదకొండు గడుల పట్టీ ఒకటి వేసి సరిచూసుకోండి. రుతువు మారితే మొదటి కొలత మాత్రం మళ్లీ తీయండి, కర్వు చాలావరకు అలాగే పనికొస్తుంది.

కాగితం మీద చెయ్యి కుదిరాక పట్టు మీద వేసి చూడండి. ధర్మవరంలో ఉడకబెట్టి జిగురు తీసిన తెల్ల పట్టు ముక్క దొరకడం కష్టం కాదు. పట్టు నీలాన్ని బాగా పట్టుకుంటుంది, మెరుపు కింద నీడలు లోతుగా కనిపిస్తాయి. కాగితం కన్నా ఎక్కువ మందు తాగుతుంది కాబట్టి దానికి సమయం వేరు, కర్వు వేరు. కట్టుకునే చీరల మీద మాత్రం వెయ్యకండి, క్షారం ఉన్న సబ్బు తగిలితే నీలం తుప్పు రంగుకు తిరుగుతుంది. పటం కట్టి గోడకు పెట్టుకోండి.